ఛాయాచిత్రము చెప్పునది, చూపరి వినునది



ఒకప్పుడు ఊరికొక కెమేరా ఉన్నచో అది గొప్ప. నేడు చేతిలో టెలిఫోను గల ప్రతివారి యొద్దను కెమేరా కలదు. తీయువారు పెరిగిరి గాని, తీసినదానిని చదువువారు అంతగా పెరిగినట్లు తోపదు. అక్షరములు నేర్పుటకు బడులు పెట్టుకొంటిమి. బొమ్మను చదువుట మాత్రము పుట్టుకతో వచ్చు విద్య యని నమ్మి ఊరకుంటిమి. ఆ నమ్మకము సగమే నిజము. బొమ్మలో ఆవు ఉన్నదని పసివాడును చెప్పును. ఆ ఆవును ఏ చోట నిలిచి, ఏ వెలుగులో, ఎవరికొఱకు తీసిరో, చట్రమునకు వెలుపల ఏమి విడిచిరో పసివాడు చెప్పలేడు. పెద్దవారును పలుమారు చెప్పలేరు.

ఒకరి భావము కంటి ద్వారా మఱియొకరికి ఎట్లు చేరునో, చేరుచుండగా ఎచ్చట మారునో విచారించు శాస్త్రమును దృశ్య భావప్రసార శాస్త్రమందురు. దీనిని కళాశాలలలో బోధించుచున్నారు. చిత్రమేమనగా, ఆ పరీక్ష వ్రాసి వచ్చిన యువకుడు కెమేరా చేతికి రాగానే పాఠమును మఱచును. నలువదేండ్లు స్టూడియో నడిపిన పెద్దమనిషి, పాఠము పేరైనను వినకయే, దానిని దినమున పదిమార్లు పాటించును. ఈ ఇరువురిని ఒకచోట కూర్చుండబెట్టవలెనని మా కోరిక. అందులకు హైదరాబాదు నగరపు తూర్పు దిక్కును, అనగా ఉప్పలు, నాచారము, నాగారము గల ప్రాంతమును ఎన్నుకొంటిమి. ఛాయాచిత్రము చదువుటను ఒక వృత్తిగా నేర్పు సంస్థ అచ్చట కలదు. ఛాయాచిత్రమునకు సాక్ష్యపు విలువ తెచ్చిన చెఱువులును అచ్చట కలవు.

మొదట ఉప్పలు. భారత సర్వే శాఖ 1767లో ఏర్పడినది. ఆ శాఖవారి శిక్షణసంస్థ 1960వ దశకమునుండి ఉప్పలులో నున్నది. నేడు దానికి జాతీయ భూసమాచార విజ్ఞాన సాంకేతిక సంస్థ యని పేరు. విమానమునుండి తీసిన చిత్రమును చూచి నేల స్వరూపమును తెలిసికొనుట సర్వేవారి విద్యలలో నొకటి. అట్టి చిత్రమును మొదటిసారి చూచినవానికి అది నలుపు తెలుపు మచ్చల గోనెపట్టవలె కనబడును. శిక్షణ పొందినవాడు దానిలో ఏడెనిమిది గుర్తులను వెదకును. మచ్చ ఎంత నలుపు, ఆకారమేది, పరిమాణమెంత, నీడ ఎటు పడినది, ఉపరితలము నునుపా గరుకా, ఒకే రూపము వరుసగా వచ్చుచున్నదా, దాని చుట్టు ఏమున్నది. మామిడితోటలో చుక్కలు వరుసగా నుండును, అడవిలో చెదరియుండును. రైలుదారి మెల్లగా వంగును, బండిబాట ఉన్నట్టుండి మలుగును. మన తెలంగాణపు చెఱువును పోల్చుట వీనియన్నిటికంటె సులభము. విల్లువలె వంగిన కట్ట, కట్టకు ఒకవైపున చదునైన నేల, రెండవవైపున దిగువకు పఱచుకొన్న పొలపు మడులు కనబడును. నీరు పూర్తిగ ఎండినను, కట్టను, ఆయకట్టును చూచి ‘ఇచ్చట చెఱువున్నది’ యని అతడు చెప్పగలడు. ఈ మాటను గుర్తుంచుకొనవలెనని కోరుచున్నాము. మరల దీనికే వత్తుము.

ఈ చదువరులు మొదటి దినములలో తప్పక ఎదుర్కొను వింత యొకటి కలదు. పటమునకు ఉత్తరమును పైకి నుంచుట వాడుక గదా. మన దేశమున, ఏడాదిలో పెక్కు దినములు సూర్యుడు ఆకాశమున దక్షిణపు వైపున నుండును. కావున నీడలు ఉత్తరమునకు, అనగా చిత్రమున పైవైపునకు పడును. అట్టి చిత్రమును ఉన్నదున్నట్లు చూచినచో గుట్ట గుంటవలెను, గుంట గుట్టవలెను కనబడును. చిత్రమును తలక్రిందులు చేసి, నీడలు చూపరి వైపు పడునట్లు త్రిప్పినంతనే గుట్ట గుట్టయగును. కాగితము మీది సిరా ఒక్క చుక్కయు మారలేదు. వెలుగు ఎల్లప్పుడు పైనుండియే వచ్చునని మన మనస్సు ముందుగనే నిశ్చయించుకొనియుండుట దీనికి కారణము. పుట్టినది మొదలు సూర్యునే చూచినవారము గనుక, అడుగకయే ఆ లెక్క వేసికొందుము.

ఇది విమానపు చిత్రములకే చెందిన వింత కాదు. నెగడు ముందు కూర్చున్నవాని ముఖము భయంకరముగ ఏల తోచును? వెలుగు క్రిందినుండి వచ్చుటచే కనుబొమల నీడ పైకి ప్రాకును, చెంపలు తలక్రిందులగును. నాటకములలో రాక్షసపాత్రకు దీపము క్రిందనుంచు రంగశిల్పికిని, పెండ్లికూతురి ముఖమునకు దీపమును కొంచెము పైన, కొంచెము ప్రక్కన నుంచు స్టూడియోవానికిని తెలిసిన రహస్యము ఒకటియే. నాచారమున నందమూరి తారకరామారావుగారు నెలకొల్పిన చలనచిత్ర స్టూడియోలో దీపముల నమర్చినవారును ఈ లెక్కనే అనుసరించియుందురు. శాస్త్రము దీనికి పేరు పెట్టినది, చేతిపని దీనిని ముందే కనుగొన్నది.

ఇక శాస్త్రకారులు చెప్పిన ముఖ్యమైన విభాగము నొకదానిని చూతము. అమెరికా తత్త్వవేత్త చార్లెస్ పియర్సు (1839–1914) గుర్తులను మూడు విధములుగ విభజించెను. వస్తువును పోలియుండునది ప్రతిరూపము. వస్తువు తాకుటచే మిగిలినది జాడ. పదిమంది ఒప్పుకొనుటచే అర్థము వచ్చినది సంకేతము. పులిబొమ్మ ప్రతిరూపము, ఇసుకలో పులి అడుగు జాడ, ‘పులి’ యను మాట సంకేతము. ఛాయాచిత్రము ప్రతిరూపమును, జాడయును ఏకకాలమున నగుచున్నది. ఆ మనిషిని తాకి వచ్చిన వెలుగే అచ్చట అచ్చుపడినది. మన మది నిజమని నమ్ముటకు ఈ జాడతనమే కారణము. మోసపోవుటకును అదియే కారణము.

మన ఇండ్లలో గోడకు వ్రేలాడు పెద్దల పటములను చూడుడు. తాతగారికి జీవితకాలమున ఒక్క ఫొటోయే యుండును. అదియు గుంపులో నిలిచి తీయించుకొన్నదో, గుర్తింపు కార్డుమీది వ్రేలెడు బొమ్మయో యగును. ఆయన పోయిన పిమ్మట ఇంటివారు దానిని స్టూడియోకు గొనిపోయి పెద్దది చేయింతురు. స్టూడియోవాడు వెనుక గోడను చెఱిపి నీలిరంగు వేయును, ఎన్నడు తొడుగని కోటు తొడుగును, చిఱిగిన కాలరు కుట్టును. ఇంటివారు సంతోషింతురు. కన్నులను మాత్రము రవ్వంత మార్చినచో ‘ఇది మా నాయన కాదు’ అందురు. కోటు సంకేతము, దానిని ఎవరైనను తగిలింపవచ్చును. చూపు జాడ, దానిని తాకరాదు. ఈ హద్దును ఇంటి ఇల్లాలికి ఏ శాస్త్రకారుడు చెప్పెను? యంత్రములే కొత్త ముఖములను కల్పించు ఈ దినములలో ఆ ఇల్లాలి మాటను మించిన సూత్రము మాకు కనబడలేదు.

1964లో ఫ్రెంచి విమర్శకుడు రోలాఁ బార్తు ఒక వ్యాపార ప్రకటనా చిత్రమును తీసికొని, దానిలో పలికిన అర్థమెంత, స్ఫురింపజేసిన అర్థమెంత యని విడదీసి చూపెను. సంతసంచిలోనుండి పొర్లుచున్న కూరగాయలు కూరగాయలే. వానిని చూచినవానికి మాత్రము తాజాతనము, ఇంటివంట, ఇటలీ దేశము తోచును. మన సాహిత్యము చదివినవారు ఇది విని చిఱునవ్వు నవ్వుదురు. తొమ్మిదవ శతాబ్దమున కాశ్మీరమునందు ఆనందవర్ధనుడు వాచ్యము, వ్యంగ్యము అని చెప్పినదానికి ఇది దగ్గఱి చుట్టము. ఐనను రెండును ఒకటే యని తొందరపడుట మాకు సమ్మతము కాదు. కావ్యమున మాటకు నిఘంటువు కలదు, వ్యంగ్యము ఆ వాచ్యము మీద నిలుచును. ఛాయాచిత్రమునకు నిఘంటువు లేదు. అందుచే దాని వ్యంగ్యము గాలివాటున ఎటైనను కొట్టుకొనిపోవును. దానిని నిలుపుటకు బొమ్మ క్రింద వ్రాయు మాట నావకు లంగరు వంటిదని బార్తు చెప్పెను.

సిద్ధాంతము ఇంతవఱకు చాలును. మన నగరముననే, ఈ సిద్ధాంతములు పుట్టకమునుపే, వీనిని పనిలో చూపిన మహనీయుని తలచుకొందము. లాలా దీనదయాళు 1844లో మీరటు దగ్గఱి సర్ధనాలో జన్మించెను. రూర్కీలో ఇంజనీరింగు చదివి ఇందూరు మరామతు శాఖలో ఉద్యోగము చేయుచు కెమేరా పట్టెను. 1880వ దశకమున ఆఱవ నిజాము మహబూబు అలీఖాను ఆస్థాన ఛాయాచిత్రకారుడై సికిందరాబాదులో స్టూడియో తెఱచెను. నిజాము ఆయనకు రాజా బిరుదమును, ముసవ్విరు జంగు అను పేరును ఇచ్చెను. ఆయన 1905లో దివంగతుడయ్యెను. ఆ స్టూడియో గాజుపలకలు 2,857 నేడు ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రమున భద్రముగ నున్నవి.

ఆయన కట్టడముల చిత్రములను అందఱు కొనియాడుదురు. మాకు వానికంటె గొప్పగ తోచునది 1892లో హైదరాబాదున ఆయన తెఱచిన జనానా స్టూడియో. ఘోషాలో నుండు స్త్రీలకొఱకు ఎత్తైన గోడల నడుమ కట్టించి, దానిని ఒక ఆంగ్లవనిత చేతికి అప్పగించెను. లోపల కెమేరా పట్టువారును స్త్రీలే. ఇది కేవలము మర్యాద పాటించుట యని కొందఱందురు, వ్యాపారపు ఉపాయమని మఱికొందఱందురు. రెండును కావచ్చును. అంతకు మించినదియు ఒకటి కలదు. కెమేరాకు వెనుక ఎవరు నిలిచిరో దానినిబట్టి కెమేరాకు ముందున్న ముఖము మారును. పరపురుషుని ముందు బిగిసిపోవు చుబుకము తోడి స్త్రీ ముందు సడలును. చూచునది, చూడబడునది అను రెండు కొనలే కాక, వాని నడుమ చుట్టఱికము కూడ బొమ్మలో పడునని తెలిసినవాడే అట్టి స్టూడియో కట్టును.

ఆయన పనిలోనే మనము నిలిచి ఆలోచింపవలసిన పుట యొకటి కలదు. పందొమ్మిదవ శతాబ్దము ముగిసి ఇరువదియవది మొదలగుచున్న కాలమున నిజాము ప్రభుత్వము ఔరంగాబాదు ప్రాంతమున జరిపిన కరవు సహాయ కార్యములను దీనదయాళు స్టూడియోవారు చిత్రములుగ తీసిరి. తీయించినది సర్కారు. సర్కారు చేసిన మేలును చూపుట ఆ చిత్రముల పని. దీనికి ఇరువదేండ్లు ముందు, 1876–78 నాటి మద్రాసు రాజధాని కరవులో, విల్లొబీ హూపరు అను సైనికోద్యోగి ఎముకల గూళ్లవలె నున్న జనులను వరుసగా కూర్చుండబెట్టి, పెండ్లి గుంపును తీసినట్లు తీసెను. మన కర్నూలు, కడప, బళ్లారి ప్రాంతములు ఆ కరవున మిక్కిలి నలిగినవి. ఆ చిత్రములు సముద్రము దాటి, చూచినవారి గుండె కరగించినవి. ‘వారిని అట్లు సర్దుటకు పట్టిన సేపు గంజి పోయరాదా’ యను ప్రశ్నయు వాని వెంటనే నడచి వచ్చినది. ఒకచోట బాధితుడు సర్కారు దయకు గుర్తయ్యెను. మఱియొకచోట ఆకలికే గుర్తయ్యెను. రెండుచోట్లను అతని పేరు మనకు తెలియదు. అబద్ధము ఎవరును తీయలేదు. ఎవరికి చూపుటకు తీసితిరో ఆ చూపరి అవసరమే చట్రమును గీసినది. నేడు వరదలోనో, ప్రమాదములోనో పరుల దుఃఖమును టెలిఫోనుతో తీయువారు ఈ రెండు పుటలను ఒకమారు మనస్సున త్రిప్పుట మంచిది.

ఇప్పుడు చెఱువుల దగ్గఱకు వత్తము. ఉప్పలున నల్లచెఱువు, నాచారమున పెద్దచెఱువు, రామంతాపురపు చెఱువు, కీసర దారిలో నాగారమున అన్నరాయని చెఱువు. ఇవి యన్నియు ఒకనాడు పొలములకు నీరిచ్చినవి. పరిశ్రమలు వచ్చినవి, కాలనీలు పెరిగినవి, 2017లో ఉప్పలు మీదుగ మెట్రో రైలు నడచినది. నగరము తూర్పునకు జరుగుకొలది చెఱువుల అంచు ఎచ్చట యను తగవు పెరిగినది. ఈ తగవులలో కాలనీవారు, రైతులు, ఇండ్లు కట్టుకొన్నవారు, పత్రికలవారు అందఱు ఛాయాచిత్రములు చూపుదురు. ఒకే చెఱువు ఒకరి చిత్రమున సముద్రము, వేఱొకరి చిత్రమున మురుగుగుంట. చిత్రమున ఉన్నది నిజమే గదా, మఱి ఈ భేదమెట్లు?

లెక్కతో చెప్పుదుము. గట్టున ఒక కంబము, దానికి వెనుక 95 మీటర్ల దూరమున అంతే ఎత్తుగల ఒక గోడ యున్నవనుకొనుడు. కంబమునకు 5 మీటర్ల దూరమున మీరు నిలిచినచో గోడ మీకు 100 మీటర్ల దూరము. చిత్రమున గోడ కంబములో ఇరువదవ వంతు ఎత్తు కనబడును. చెఱువు విశాలమై, గోడ ఎక్కడో యున్నట్లుండును. ఇప్పుడు 95 మీటర్లు వెనుకకు నడువుడు. కంబము 100 మీటర్లు, గోడ 195. గోడ కంబములో సగము కంటె ఎక్కువ ఎత్తు కనబడును. దూరపు కటకముతో ఆ భాగమునే పెద్దది చేసినచో గోడ వచ్చి గట్టు మీద కూర్చున్నట్లుండును. జనులు కటకమును నిందింతురు. తప్పు కటకముది కాదు, చేసినదంతయు నిలిచిన చోటు. కటకము చట్రమును పెంచును, తగ్గించును, అంతే.

దీనికి ఋతువు తోడగును. మేనెలలో తీసినది, వానలు వెడలిన అక్టోబరులో తీసినది ఒకే చెఱువని చూపరి పోల్చలేడు. ఆ పైని మాట తోడగును. ఒకే బొమ్మ క్రింద ‘చెఱువులో ఇండ్లు’ అని వ్రాసినచో ఒక కథ, ‘ఇండ్ల ముందు చెఱువు’ అని వ్రాసినచో మఱియొక కథ.

అట్లయిన చెఱువు చిత్రము వ్యర్థమా? కాదు. పూర్తి నీటిమట్టము గీతను సర్వే చేసి నిర్ణయింపవలెను, ఛాయాచిత్రము కొలత కానేరదు. ఐనను కొలత వేయు అధికారిని గడప దాటించు శక్తి దానికి కలదు. అందులకు అది నమ్మదగినదై యుండవలెను. కట్ట మీద, తూము వంటి కదలని గుర్తు ఒకటి చూచుకొని, ఏటేటా అదేనెలలో, అచ్చటనే నిలిచి, కెమేరాను పెంపు తగ్గింపు లేక ఉంచి, అదే దిక్కునకు త్రిప్పి తీయవలెను. చట్రమున తూము పడవలెను, ఎండినప్పుడును చెఱువును పట్టియిచ్చునది కట్టయే యని ఉప్పలు చదువరి మనకు ముందే చెప్పెను గదా. మనిషినొకని అంచున నిలిపినచో పరిమాణము తెలియును. ఇట్టి పది చిత్రముల వరుసలో నేర్పుగాని అందముగాని కనబడదు. సాయంకాలపు ఎఱ్ఱని నీటిలో కొంగను తీసిన చిత్రమునకే బహుమతు లిత్తురు. ఇయ్యవచ్చును, మాకును కొంగ యిష్టమే. పదేండ్లకు పిమ్మట పనికి వచ్చునది మాత్రము ఆ అందము లేని వరుస.

చట్రము లోపలి అమరికను గూర్చి రెండు మాటలు. రూపము, నేపథ్యము అను భేదమును డెన్మార్కు దేశీయుడు రూబిను 1915లో ప్రసిద్ధమైన పూలపాత్ర బొమ్మతో చూపెను. దగ్గఱనున్నవానిని, ఒకేవిధముగ నున్నవానిని కన్ను ఒక గుంపుగ కట్టునని జర్మనీలో వెర్థైమరు 1923లో వివరించెను. నాచారపు వీధిలో మిత్రుని నిలిపి తీసినప్పుడు అతని తలలోనుండి విద్యుత్ స్తంభము మొలుచుట ఈ రెండవ సూత్రపు ఫలమే. కంటికి స్తంభము ఇరువదడుగుల వెనుకనున్నది, కాగితమున దూరము లేదు, కావున తల, స్తంభము ఒక గుంపైనవి. ఒక్క అడుగు ప్రక్కకు జరిగిన చాలును.

చూపరి సంగతి మిగిలినది. పంపినవాడు ఉద్దేశించిన అర్థమునే చూచువాడు గ్రహించునను నియమము లేదని 1973లో స్టూవర్టు హాలు వాదించెను. ఒకే చిత్రమున వేఱువేఱు తరగతులవారు వేఱువేఱు గుణములను చూతురని మన చిత్రసూత్రము ఎప్పుడో గుర్తించినది. దీనిని పనిలో పెట్టుట కష్టము కాదు. చిత్రమును ఆ చోటు చూడనివారికి, ఏ మాటయు చెప్పక, చూపుడు. ‘ఇందేమున్నది’ అని మాత్రమే అడుగుడు. అడ్డుపడక వినుడు. వారు చెప్పినదే మీ బొమ్మ చెప్పుచున్నది. తరువాత, బొమ్మలో ఉన్నవారికే చూపుడు. వారు ముఖము త్రిప్పుకొన్నచో దానిని ఇతరులకు పంపకుడు.

పాతకాలమున ఫొటో వెనుక మెత్తని పెన్సిలుతో వివరములు వ్రాయు వాడుక యుండెడిది. నేటి టెలిఫోను తేదిని తనలో దాచుకొనును గాని, సందేశముగ పంపునప్పుడు ఆ వివరము పలుమారు రాలిపోవును. కావున ఊరి పేరు, తేది, నిలిచిన చోటు, కెమేరా త్రిప్పిన దిక్కు, ఈ నాలుగింటిని బొమ్మతోపాటు విడిగ వ్రాసి యుంచుడు. మనుషులున్నచో, వారు ఒప్పుకొన్న యెడల, వారి పేర్లును ఎడమనుండి కుడికి వ్రాయుడు.